టెంటు లోపలి నుంచి కోసి ఉంది, ఒంటి మీద బట్టల్లేవు: కొండల్లో అంతుచిక్కని చావులను ఎలా చదవాలి

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇదీ: "మంచి అనుభవం ఉన్న ట్రెక్కర్లు కూడా మాయమైపోతున్నారు. దొరికినా గడ్డకట్టే చలిలో బట్టలు విప్పేసి, కాలిబాటకు కూతవేటు దూరంలోనే శవాలై దొరుకుతున్నారు. వందలమంది వెతికినా కనపడరు. రష్యాలో ద్యాత్లోవ్ బృందం సంగతి ఇప్పటికీ తేలలేదంటారు. నిజంగా మనకు తెలియనిదేదో ఉందా?"

ఇలాంటి చావుల్లో చాలావాటికి కారణం మామూలుదే. వింతగా ఉండేది మనకు మిగిలే ఆధారం. శవం దొరికేసరికి వారాలో నెలలో గడిచిపోతాయి. ఆ కాలంలో మనిషి చేసిన పనులు, గాలి, నీళ్ళు, జంతువులు చేసిన పనులు అన్నీ కలిసి ఒకే దృశ్యంగా కళ్ళ ముందుంటాయి. దాన్నంతా ఒకే క్షణంలో జరిగినట్టు చూస్తే బుర్ర తిరుగుతుంది. ఏది ముందు, ఏది తర్వాత అని విడదీస్తే సగం చిక్కుముడి అక్కడే వీడిపోతుంది. మిగతా సగం కొన్ని కేసుల్లో ఎప్పటికీ వీడకపోవచ్చు. కానీ "కారణం నిర్ధారణ కాలేదు" అనే మాటకు "కారణం లేదు" అని అర్థం కాదు.

ద్యాత్లోవ్‌తోనే మొదలుపెడదాం. 1959 జనవరి 23న స్వెర్డ్‌లోవ్‌స్క్ (ఇప్పటి యెకాతెరిన్‌బర్గ్) నుంచి పదిమంది స్కీల మీద ఉత్తర ఉరల్ పర్వతాలకు బయల్దేరారు. ఎక్కువమంది ఉరల్ పాలిటెక్నిక్‌లో చదువుతున్నవాళ్ళు, చదువు ముగించినవాళ్ళు. నాయకుడు ఇగోర్ ద్యాత్లోవ్ వయసు 23. ఒళ్ళు బాగోక యూరి యూదిన్ జనవరి 28న వెనక్కి తిరిగాడు, అతనొక్కడే ప్రాణాలతో మిగిలాడు. మిగతా తొమ్మిదిమంది ఫిబ్రవరి 1న ఖోలాత్ స్యాఖల్ కొండ వాలు మీద, చెట్టూ చేమా లేని చోట, మంచు తవ్వి చదును చేసుకుని టెంటు వేశారు. ఆ రాత్రే అందరూ పోయారు. ఫిబ్రవరి 26న టెంటు దొరికింది. లోపలి నుంచి కోసి ఉంది. బూట్లు, కోట్లు చాలావరకు లోపలే ఉన్నాయి. అడుగుజాడలు దిగువకు వెళ్ళాయి. కిలోమీటరున్నర కింద అడవి అంచున పెద్ద పైన్ చెట్టు కింద ఆరిపోయిన నెగడు, లోదుస్తులతో ఇద్దరు. ఆ చెట్టుకూ టెంటుకూ మధ్య, తిరిగి పైకి వస్తూ పడిపోయినట్టుగా ముగ్గురు. మిగిలిన నలుగురు మే నెలలో గానీ దొరకలేదు. చెట్టుకు 75 మీటర్ల దూరంలో ఒక కోనలో, నాలుగు మీటర్ల మంచు కింద ఉన్నారు. వాళ్ళలో ఇద్దరికి పక్కటెముకలు, ఒకరికి పుర్రె విరిగి ఉన్నాయి. ఒకామెకు నాలుక, కళ్ళు లేవు. కొన్ని బట్టల మీద రేడియోధార్మికత కనిపించింది. వాళ్ళు ఎదిరించలేని ప్రకృతి శక్తి వల్ల చనిపోయారని రాసి సోవియట్ అధికారులు ఫైలు మూసేశారు.

ఇప్పుడు విడదీద్దాం. నాలుక, కళ్ళు ముందు పక్కన పెట్టండి. ఆ శవం మూడు నెలలు మంచు కింద ఉంది, చివర్లో కరిగిన నీటి పారుదలలో ఉంది. నీళ్ళకూ చిన్న జంతువులకూ ముందుగా పోయేది మెత్తటి కండే. రేడియోధార్మికత సంగతీ అంతే. బృందంలో ఒకరైన క్రివొనిషెంకో మాయక్ ప్లుటోనియం కర్మాగారంలో పనిచేసినవాడు, 1957లో అక్కడ పెద్ద ప్రమాదం జరిగింది. బట్టలకు అది అంటుకోవడానికి కొండ మీద ఏమీ జరగనక్కర్లేదు.

లోదుస్తులతో ఉన్న ఆ ఇద్దరి గురించి చాలామంది పొరపడతారు. చలికి మతి తప్పి విప్పేసుకున్నారు అంటారు. కానీ వాళ్ళ బట్టలు కోసి తీసిన ముక్కలు కోనలో ఉన్న మిత్రుల ఒంటి మీద, కాళ్ళకు చుట్టుకుని కనిపించాయి. ముందు పోయినవాళ్ళ బట్టలను బతికున్నవాళ్ళు తీసుకున్నారు. ఆ రాత్రి వాళ్ళు ఆలోచించి, ఒకరి కోసం ఒకరు చివరిదాకా పోరాడారనడానికి అదే సాక్ష్యం. దాన్ని మిస్టరీ చేయడం వాళ్ళకు అన్యాయం.

ఇక టెంటు ఎందుకు కోశారు అన్నది. మంచు చరియ అనే మాటను చాలాకాలం కొట్టిపారేశారు. వాలు 30 డిగ్రీలు లేదు, వెతికినవాళ్ళకు చరియ ఆనవాళ్ళు కనపడలేదు, టెంటు వేసిన వెంటనే కాకుండా గంటల తర్వాత ఎందుకు పడుతుంది, మంచు చరియలో ఎముకలు అలా విరుగుతాయా అని. రష్యా ప్రాసిక్యూటర్లు 2019లో విచారణ మళ్ళీ తెరిచి, 2020 జులైలో మంచు చరియే కారణమన్నారు. ఆ సందేహాలకు లెక్కలతో జవాబిచ్చింది మాత్రం 2021 జనవరిలో స్విట్జర్లాండ్ పరిశోధకులు యోహాన్ గోమ్, అలెగ్జాండర్ పుజ్రిన్ ప్రచురించిన పత్రం. టెంటు ఉన్నచోట వాలు దాదాపు 28 డిగ్రీలు. మంచు అడుగున పంచదార పలుకుల్లా పట్టులేని పొర ఒకటి. టెంటు కోసం పైపొర అంచును తవ్వేశారు, అంటే పైన పలకలా గట్టిపడిన మంచుకు కింద ఉన్న ఆసరా తీసేశారు. ఆ తర్వాత కొండ మీంచి దిగే గాలి రాత్రంతా మంచు తెచ్చి పలక మీద పోస్తూ ఉంటే, బరువు తట్టుకోలేక విరగడానికి ఏడున్నర నుంచి పదమూడున్నర గంటలు పట్టొచ్చని లెక్క. విరిగింది కొండంత చరియ కాదు, కొన్ని మీటర్ల పలక. మూడున్నర వారాల గాలికి దాని జాడ మిగలదు. గాయాల లెక్కకు వాళ్ళు రెండు చోట్ల నుంచి సాయం తీసుకున్నారు: డిస్నీ యానిమేషన్ సినిమాలో మంచు కదలికకు రాసిన కంప్యూటర్ కోడ్, కార్ల భద్రత కోసం 1970లలో జరిగిన పరీక్షల కొలతలు. ఈ బృందం స్కీలను నేల మీద పరిచి వాటి మీద పడుకుంది. కింద గట్టి నేల, పైన బరువు పలక. పక్కటెముకలు విరుగుతాయి, కానీ మనిషి వెంటనే పోడు.

అంత గాయంతో కిలోమీటరున్నర ఎలా దిగారు, లేక ఆ గాయాలు కోనలో మంచు కూలి తగిలినవా? ఇక్కడ వాదన ఇంకా నడుస్తోంది, నడవడం న్యాయమే. కానీ మిగతా గొలుసు పొసగుతుంది: బహుశా రెండో పలక పడుతుందన్న భయం, కోసుకుని బయటపడటం, చెట్ల వైపు నడక, మైనస్ పాతిక డిగ్రీల ప్రాంతంలో బూట్లు లేకుండా కొన్ని గంటలు. ఆరుగురి పోస్టుమార్టం రిపోర్టులో ఉన్న కారణం చలే.

చలి గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే "వింత" శవాల్లో ఎక్కువ భాగం దాని చేతి పనే. ఒంట్లో వేడి 35 డిగ్రీల సెల్సియస్ కంటే దిగితే ఒళ్ళంతా వణుకు, వేళ్ళు మాట వినవు. జిప్పు పెట్టుకోలేరు, లైటరు వెలిగించలేరు. 32 దిగాక వణుకు ఆగిపోతుంది. చూసేవాళ్ళు "కుదుటపడ్డాడు" అనుకుంటారు, నిజానికి అప్పుడే ప్రమాదం ముదిరింది. మాట ముద్దవుతుంది, నిర్ణయాలు గతి తప్పుతాయి. 28 కంటే కిందికి పోతే గుండె లయ ఏ కుదుపుకైనా తప్పొచ్చు. ఈ దశల మధ్యలో ఒక విపరీతం జరుగుతుంది. అప్పటిదాకా చర్మానికి రక్తం పోకుండా బిగించి పట్టుకున్న నాళాలు అలసి వదిలేస్తాయి. వెచ్చటి రక్తం ఒక్కసారిగా చర్మంలోకి వస్తుంది. మనిషికి ఒళ్ళు మండిపోతున్నట్టు అనిపించి, ఉన్న బట్టలు విప్పేస్తాడు. చలికి పోయినవాళ్ళలో ఇది అరుదేమీ కాదు. ఆ తర్వాత కొందరు పడిన మాను కిందికో, బండ సందులోకో, పొద అడుక్కో పాక్కుంటూ దూరిపోతారు. పాకినప్పుడు మోకాళ్ళు, మోచేతులు గీరుకుంటాయి. ఇప్పుడు ఆ దృశ్యాన్ని ఏమీ తెలియనివాళ్ళ కళ్ళతో చూడండి: బట్టల్లేవు, ఒంటి మీద గీతలు, పొద కింద దాచినట్టు శవం. అత్యాచారమో హత్యో అనుకోకుండా ఎలా ఉంటారు? పోలీసులు ఆ కోణం చూడాల్సిందే. కానీ ఈ మూడూ ఒక్క చలి వల్లే రావచ్చని పోస్టుమార్టం చేసేవారికి తెలిసి ఉండాలి. ఇలా దూరిపోయిన మనిషి పక్క నుంచే గాలింపు బృందం వెళ్ళిపోతుంది కూడా.

దీనికి మంచు అక్కర్లేదు. పది డిగ్రీల వాతావరణం, వాన, గాలి, తడిసిన కాటన్ చొక్కా, జీన్స్ ప్యాంటు చాలు. నీరు గాలికంటే పాతిక రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తుంది. మన మైదానాల్లో పెరిగినవాళ్ళకు చలి మీద భయం తక్కువ, అందుకే ఈ మాట నొక్కి చెప్పాల్సి వస్తోంది. 2024 జూన్‌లో, అంటే మనకు ఎండాకాలం ఇంకా పోనప్పుడు, ఉత్తరాఖండ్‌లోని సహస్రతాల్ దారిలో మంచు గాలివానలో చిక్కి కర్ణాటక నుంచి వెళ్ళిన బృందంలో తొమ్మిదిమంది పోయారు.

ఇక మాయమవడం. 2013 జులై 22న అమెరికాలో మెయిన్ రాష్ట్రంలో అపలాచియన్ ట్రయిల్ మీద ఒంటరిగా నడుస్తున్న ఒక మహిళ కాలకృత్యాలకు బాట దిగింది. తిరిగి బాట కనపడలేదు. భర్తకు మెసేజ్‌లు పెట్టింది, సిగ్నల్ లేక ఒక్కటీ పోలేదు. సిగ్నల్ కోసం ఎత్తుకు ఎక్కింది, ఇంకా లోపలికి పోయింది. దట్టమైన చెట్ల కింద టెంటు వేసుకుని నాలుగు వారాలకు దగ్గరగా బతికి ఉన్నట్టు ఆమె డైరీ చెబుతోంది. 2015 అక్టోబరులో ఆ టెంటు దొరికింది. బాటకు దూరం సుమారు ఒక కిలోమీటరు. జాగిలాలతో వెతికిన బృందం దానికి వంద మీటర్ల దాకా వచ్చి వెళ్ళింది. ఆ డైరీ దొరక్కపోయి ఉంటే ఇదీ "అంతుచిక్కని" జాబితాలోకి చేరేది.

అంతమంది వెతికీ ఎందుకు దొరకలేదంటే లెక్క చూడండి. చివరిసారి కనిపించిన చోటు నుంచి ఐదు కిలోమీటర్ల వ్యాసార్థం అంటే 78 చదరపు కిలోమీటర్లు. ఒక్కో మనిషి తనకు అటూ ఇటూ పది మీటర్లు చూడగలడనుకుంటే, మొత్తం ఒకసారి చూడాలంటే దాదాపు 3,900 కిలోమీటర్లు నడవాలి. పొదల్లో గంటకు ఒక కిలోమీటరు సాగడమే గొప్ప. ముప్పైమంది రోజుకు ఆరు గంటలు నడిస్తే 22 రోజులు. అదీ ఒక్కసారి చూడటానికే. ఆ ఒక్కసారిలో మనిషి కంటపడే అవకాశం సగమే అనుకుంటే, రెండోసారికి ముప్పావు, మూడోసారికి 87 శాతం. అంటే మూడుసార్లు తొక్కిన నేలలో కూడా ఎనిమిదింట ఒకసారి తప్పిపోతుంది. మనవాళ్ళు కాకులు దూరని కారడవి అన్నది ఊరికే కాదు. 2009 సెప్టెంబరు 2 ఉదయం ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రయాణిస్తున్న హెలికాప్టర్ నల్లమలలో గల్లంతైతే, వాయుసేనతో సహా యంత్రాంగమంతా దిగినా పావురాలగుట్ట మీద శకలాలు కనిపించింది మర్నాడు ఉదయమే. ఒక హెలికాప్టర్ సంగతే అది. పొద కింద ముడుచుకున్న మనిషి సంగతి చెప్పక్కర్లేదు.

దారి తప్పినవాడు ఎక్కడికి వెళ్తాడన్నది కూడా మన ఊహకు అందదు. సూర్యుడో గుర్తో కనపడకపోతే తిన్నగా నడుస్తున్నామనుకుంటూనే గుండ్రంగా తిరుగుతామని 2009లో జర్మనీలో యాన్ సౌమన్ బృందం జీపీఎస్ కట్టి చూపించింది. "వాగు వెంట దిగితే ఊరొస్తుంది" అన్న మన పెద్దల మాట మైదానంలో నిజం. హిమాలయాల్లో, పడమటి కనుమల్లో వాగు జలపాతం అంచుకు తెస్తుంది. అక్కడ కిందికి దిగలేరు, జారి దిగిన మెట్టు మళ్ళీ ఎక్కలేరు. నీటి హోరులో మీ కేక ఎవరికీ వినపడదు, వాళ్ళ కేక మీకూ వినపడదు. కొన్నిసార్లు మనిషి తనదైన తర్కంతో వెళ్తాడు, వెతికేవాళ్ళు తమ తర్కంతో వెతుకుతారు. 1996 జులైలో కాలిఫోర్నియాలోని డెత్ వ్యాలీలో నలుగురు జర్మన్ పర్యాటకులు గల్లంతయ్యారు. టైర్లు పోయిన వ్యాను అక్టోబరులో దొరికింది. ఎముకలు దొరికింది మాత్రం 2009లో. పట్టు వదలని టామ్ మహూద్ అనే ఆయన, "మ్యాపులో దక్షిణాన సైనిక స్థావరం గీత ఉంది, యూరప్ మనిషి అయితే అక్కడ కంచె, కాపలా ఉంటాయని అటే పోతాడు" అని ఆలోచించి ఆ వైపు వెళ్ళాడు. నిజానికి అక్కడ ఉన్నది ఎడారే.

నీళ్ళు ఇంకో దారి. 2014 జూన్ 8న హిమాచల్‌లో బియాస్ నదిలో, ఆనకట్ట నుంచి వదిలిన నీళ్ళు ముంచెత్తి హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు. ఎక్కడ పడ్డారో, ఎప్పుడు పడ్డారో తెలిసి కూడా మృతదేహాల కోసం వారాలు వెతకాల్సి వచ్చింది. ఎవరూ చూడని చోట ఒంటరి మనిషి కాలు జారి హిమాలయ నదిలో పడితే, బాట మీద మనకు ఏ ఆనవాలూ మిగలదు. "గాలిలో కలిసిపోయాడు" అనిపించే కేసుల్లో నేను ముందు మ్యాపులో చూసేది, బాట నదికి ఎక్కడ దగ్గరగా పోతుందనే.

చేయాల్సినవి. బాట దిగాల్సి వస్తే బాట పక్కన కొమ్మకు రంగు గుడ్డ కట్టండి, అడ్డంగా తిన్నగా వెళ్ళండి, అడుగులు లెక్కపెట్టండి, పది అడుగులకోసారి వెనక్కి తిరిగి ఆ గుడ్డ కనిపిస్తోందా చూడండి. ముప్పై నలభై అడుగులు దాటక్కర్లేదు. విజిల్ బ్యాగులో కాదు, మెడలో ఉండాలి.

తప్పిపోయామని అనుమానం వచ్చిన క్షణంలో కూర్చోండి. నీళ్ళు తాగండి, అరగంట కదలకండి. కాళ్ళు పరిగెత్తమంటాయి, ఆ పరుగే ప్రాణం తీస్తుంది. మీ అడుగుజాడలు స్పష్టంగా కనపడితేనే వెనక్కి నడవండి. అత్యవసర నంబరు 112కి ప్రయత్నించండి. కాల్ పోని చోట కూడా ఎస్సెమ్మెస్ పోవచ్చు: ఫోన్ జీపీఎస్ చూపే అంకెలు, టైము, "ఇక్కడే ఉంటాను" అని రాసి పంపండి. పంపాక నిజంగా అక్కడే ఉండండి. ఎందుకంటే వెతికేవాళ్ళు చూసిన గడిని మ్యాపులో కొట్టేసుకుంటూ పోతారు. మీరు కదిలి ఆ కొట్టేసిన గడిలోకి వస్తే, మళ్ళీ అక్కడికి ఎవరూ రాకపోవచ్చు. తర్వాత ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టి లోపలి జేబులో ఒంటికి ఆనించి ఉంచండి, చలికి బ్యాటరీ చచ్చిపోతుంది. విజిల్ మూడేసి సార్లు ఊదండి, ఒక నిమిషం ఆగండి, మళ్ళీ ఊదండి. గొంతు ఒక గంటలో పోతుంది, విజిల్ పోదు. పైనుంచి కనపడే ఖాళీ చోట రంగు గుడ్డ పరవండి. పడుకునేటప్పుడు పైన కప్పుకోవడం కంటే కింద పరుచుకోవడం ముఖ్యం: ఎండుటాకులు కనీసం జానెడు మందం. రెండు పెద్ద చెత్త సంచులు, హెడ్‌ల్యాంపు, లైటరు, రేకు దుప్పటి, ఒక పొడి ఉన్ని బనీను. ఇవన్నీ కలిపినా కిలో బరువుండదు, ఒక్క రోజు నడకకైనా సరే ఇవి ఉండాలి.

ఒక హెచ్చరిక. శాటిలైట్ ఫోన్లు, శాటిలైట్ మెసేజ్ పరికరాలు టెలికాం శాఖ అనుమతి లేకుండా భారతదేశంలో వాడటం నేరం. విదేశం నుంచి వస్తూ బ్యాగులో పెట్టుకుని విమానాశ్రయంలో అరెస్టయినవాళ్ళున్నారు. అమెరికాలో ఉన్న మనవాళ్ళు మాత్రం తప్పకుండా తీసుకెళ్ళండి. ఐఫోన్ 14, ఆ తర్వాతి మోడళ్ళలో అక్కడ శాటిలైట్ ద్వారా సాయం కోరే సౌకర్యం ఫోన్‌లోనే ఉంది. దాన్ని ఇంట్లో ఉన్నప్పుడే డెమోలో ఒకసారి వాడి చూడండి.

ఇంట్లో ఉండేవాళ్ళకు వెళ్ళేముందు ఒక కాగితం ఇవ్వండి: ఏ దారి, ఎవరితో, బండి ఎక్కడ పెడతారు, జాకెట్టు రంగు, వాడే మందులు, బూట్ల అడుగుభాగం ఫోటో. ఆ అడుగు ఫోటో ఉంటే వందల అడుగుజాడల్లో మీది ఏదో గంటల్లో తేలుతుంది. ఎవరైనా రాకపోతే 24 గంటలు ఆగాలన్న నియమం ఏదీ లేదు, వెంటనే పోలీసులకు, అటవీ శాఖకు చెప్పాలి. వాడిన దిండు గలీబును చేత్తో తాకకుండా శుభ్రమైన సంచిలో వేసి జాగిలాల కోసం దాచండి. బంధువులంతా కలిసి అడవిలోకి పోయి జాడలు తొక్కేయకండి. ఇంట్లో గొడవ జరిగి ఉన్నా, మనిషి దిగులుగా ఉన్నా, మందులు మానేసి ఉన్నా పరువు కోసం దాచకండి. దారి తప్పినవాడు పిలిస్తే పలుకుతాడు, చనిపోవాలని వెళ్ళినవాడు పలకడు, వెతికే పద్ధతే మారిపోతుంది. ఆ కాగితం చివర ఒక టైము రాసి ఉండాలి: సాయంత్రం ఏడింటికల్లా ఫోన్ రాకపోతే 112కి చెయ్యి, తెల్లారేదాకా ఆగకు.